తొలిదెబ్బ

1

పొరల గదిలో ఏ షిఫ్టులో ఏం జరిగిందో రాసి పెట్టాలని కమిటీ రూలు. రాసింది ఎవరూ చదవరు కాబట్టి నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను. నా పేరు ఓదెలు. మూడో లెవెల్ పొరల గదికి పెద్దను నేనే. నా కింద పనిచేసేది సుగుణ ఒక్కతే, ఆమె కూడా నా మాట వినదు. బొగ్గులోంచి ఉక్కుకన్నా గట్టి గ్రాఫీన్ తీసి, చిరగకుండా పొరగా పరచడంలో ఈ బొగ్గుబాయి మొత్తంలో ఆమెకు సాటి లేరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అదే వచ్చిన చిక్కు.

ఇవాళ ఫస్ట్ షిఫ్టులో నీళ్ళు పంచే గేటు దగ్గర, దాని సర్దార్ మొగిలి ఒక మనిషి వేళ్ళు విరిచాడు. తొందరేమీ లేకుండా ఒక్కొక్కటే విరిచాడు. ఆ మనిషి చేసిన నేరం బిందె నిండాక కూడా కుళాయి కింది నుంచి వెంటనే తియ్యకపోవడం. అతని తమ్ముడు ఆగలేక వెనక నుంచి పార ఎత్తి మొగిలి భుజం మీద వేశాడు. ఎప్పుడైనా పారే వంగేది. ఈసారి ఒంటి మీది తోలు తొడుగు పగిలి మొగిలి భుజం చీలింది, నెత్తురు కారింది.

మొగిలి నెత్తురు బాయిలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. లైన్లో ఉన్నవాళ్ళందరూ తలలు దించుకున్నారు, నవ్వు కనబడకుండా. మొగిలి ఆ తమ్ముణ్ణి జుట్టు పట్టి ఎండిపోయిన షాఫ్టు గొయ్యి దాకా ఈడ్చుకుపోయి తోసేశాడు. కింద పడ్డ చప్పుడు చాలాసేపటికి గానీ పైకి రాలేదు.

ఆ నెత్తుటితోనే నా గదికి వచ్చాడు.

"బామ్మర్దీ, నాకు కొత్త తోలు గావాలె. జెల్ది."

మొగిలి మా అక్క కొమురమ్మ మొగుడు. నేను తలూపాను. ఆ భుజంలో పార ఇంకొంచెం లోతుగా దిగితే బాగుండేదని మనసులో అనుకున్నాను. అది కూడా ఇక్కడ రాస్తున్నాను, కమిటీ చదువుకోవచ్చు.

2

తోలు అంటే గేటు మనుషులు మెడ నుంచి తొడల దాకా వేసుకునే నల్లటి తొడుగు. పైన ఎండ మనిషిని బతకనివ్వడం మానేశాక మా తాతలు ఈ పాత బొగ్గుబాయిలోకి దిగారు. అప్పుడు రాళ్ళు పడే చోట పనిచేసేవాళ్ళ కోసం దీన్ని కుట్టారు. రాళ్ళు పడటం ఆగిపోయింది. తోళ్ళు మాత్రం నీళ్ళ గేటు వాళ్ళకు చేరాయి.

పాత తోలులో రెండు గ్రాఫీన్ పొరల మధ్య ఒక జిగురు ఉండేది. మెత్తగా ముట్టుకుంటే మెత్తగా ఉండి, దెబ్బ పడితే రాయిలా బిగిసేది. కొత్త తోలు కుట్టగానే దానికి తొలిదెబ్బ వెయ్యాలి. తోలు లోపల ఛాతీకి ఇనప రేకు పెట్టుకుని నిలబడితే ఇంటి మనిషి సమ్మెట ఎత్తి గట్టిగా కొట్టాలి. తొలిదెబ్బ ఎంత గట్టిగా పడితే జిగురు అంత గట్టిగా కుదురుకుంటుంది. పెళ్ళాం కొట్టినా తల్లి కొట్టినా అదొక పండుగలా జరిగేది.

ఆ జిగురు చేసే పొడి పైనుంచి వచ్చేది. లారీలు ఆగిపోయి ఎన్నాళ్ళయిందో. డబ్బాలు గీకితే ఒక చేతి తొడుగుకు కూడా చాలలేదు.

"ఒట్టి గ్రాఫీన్‌తోని కుడ్తే?" అన్నది సుగుణ.

"ఒట్టి గ్రాఫీన్ తెలివిలేని బలం. చిరగది గని, ఏది దెబ్బనో ఏది గాదో దానికేం ఎరుక?"

"అయితే ఎరుక ఉన్నదాన్ని ఇంకోదాన్ని దానికి జత చెయ్యాలె," అని గోనెసంచి విప్పింది. అందులో పాత ఫోన్లు, పగిలిన మీటర్లు. వాటి కడుపులో నొక్కితే కరెంటు పుట్టే గాజు పలుకులు ఉంటాయి, ఒకసారి తెలిసింది మరిచిపోని పలుకులు కూడా ఉంటాయి. ఈ రెండు రకాలూ ఏరి, నూరి, గ్రాఫీన్ మీద పరచాలట. ఈ ఆలోచన నాకు ముందు రానందుకు ఒళ్ళు మండింది. అయినా ఇద్దరం కూర్చుని ఏరాం.

3

కొత్త తోలు తయారైంది. నేనే తొడుక్కుని చూశాను. బట్టంత తేలిక. కుర్చీలో కూర్చున్నాను, అంతే, నడుము దగ్గర బిగిసిపోయి లేవలేకపోయాను. సుగుణ పడీపడీ నవ్వింది. నన్ను లేపడానికి చెయ్యి పట్టుకుంది, పట్టుకోగానే కరెంటు కొట్టి అంత దూరాన పడింది. అప్పుడు నేను నవ్వాను.

లోపం ఎక్కడుందో తెలిసింది. ఈ తోలుకు ఏది మామూలో తెలియదు. కుర్చీ ఒత్తిడీ దెబ్బే, చెయ్యి పట్టుకోవడమూ దెబ్బే. తొడుక్కున్నవాడు నడిచిన నడకంతా కరెంటుగా మారి గ్రాఫీన్‌లో నిలవ ఉంటుంది. ఏది దెబ్బ అనిపించినా తోలు బిగుసుకుని ఆ నిలవంతా ఎదుటివాడి మీదికి వదులుతుంది. కాబట్టి మామూలంటే ఏమిటో దానికి మొదటే చెప్పాలి. మెల్లగా ఒక తొలిదెబ్బ వేస్తే మరిచిపోని పలుకులు దాన్ని రాసుకుంటాయి. అంతకంటే మెత్తగా తగిలేదంతా మామూలు, అంతకు మించిందంతా దెబ్బ. ఒకసారి రాసుకున్నాక చెరపడం కుదరదు, చెరిపితే తోలే చస్తుంది.

పాత తోలుకు గట్టి దెబ్బ, కొత్త తోలుకు మెత్తటి దెబ్బ. అంతా తలకిందులు.

4

మొగిలి పిరికివాడు. కొత్త తోలు ముందు తన కింది మనిషి రాజేశానికి తొడిగి చూడమన్నాడు. రాజేశం తల్లి నర్సవ్వను పిలిచాం. సమ్మెట వద్దు, అరచేత్తో మెల్లగా తట్టమని చెప్పాను.

"గింతేనా? గింత తడ్తే ఆగుతదా నాయనా?" అని నర్సవ్వ కొడుకు ఛాతీ మీద జోకొట్టినట్టు ఒక్కసారి తట్టింది.

సెకండ్ షిఫ్టులో సుగుణ మొగుడు ఎల్లయ్య నీళ్ళ గేటు దగ్గర రాజేశంతో గొడవపడ్డాడు. నీళ్ళు సగానికి ఎందుకు తగ్గించారని అడిగాడు. రాజేశం లాఠీతో మూతి మీద కొడితే పళ్ళు రాలాయి. ఎల్లయ్య ఇనప పైపు తీసి రాజేశం పక్కలో కొట్టాడు. పైపు తగలగానే నీలం మెరుపు ఒకటి ఎల్లయ్య చేతిలోంచి పాకింది. ఎల్లయ్య వంగలేదు, అరవలేదు. నిలుచున్నవాడు నిలుచున్నట్టే వెనక్కి పడ్డాడు. పైపు పట్టుకున్న అరచెయ్యి కాలి పైపుకు అతుక్కుపోయింది. పైపుతోనే పూడ్చాం.

ఆ తోలు మీద పొరలు పరిచిన చేతులు సుగుణవి. మొగుణ్ణి పూడ్చిన మరుసటి షిఫ్టుకే పనికి వచ్చింది. నేను ఇంటికి పొమ్మన్నాను.

"ఇంట్ల ఏమున్నది?" అన్నది.

నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు. ఈ తోలు కనిపెట్టినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. గేటు ముందు మాత్రం ఇప్పుడు ఎవరూ తల ఎత్తడం లేదు. గేటు మనుషుల నీడ పడినా పక్కకు జరుగుతున్నారు.

5

అక్క వచ్చింది. ఎడమ చెయ్యి మెడకు వేలాడగట్టుకుని ఉంది. పాత తోలు పగిలినప్పటి నుంచి మొగిలికి భయం పట్టుకుంది. బయట భయపడ్డవాడు ఇంట్లో కొడతాడు. చెయ్యి ఎలా విరిగిందని అడిగితే, బువ్వ చల్లారిందట.

"నొస్తుందా?"

"లేదు తమ్మీ."

పెళ్ళయినప్పటి నుంచి నేను ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. నొసలు చీలినప్పుడూ లేదు, కడుపులో తన్నులకు బిడ్డ పోయినప్పుడూ లేదు. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. నా దగ్గర ఉండిపొమ్మన్నాను. తలుపులన్నీ అతని మనుషులవే కదా అన్నది. పోయినసారి ఆమె నా దగ్గరికి వచ్చిపోయినప్పుడు, నన్ను షాఫ్టులో తోస్తానని మొగిలి ఆమెతో అన్నాడట.

మొగిలి తోలు బల్ల మీద సగం తయారై ఉంది. ఇదెట్లా పనిచేస్తుందని అక్క అడిగింది. చెప్పాను. మెల్లగా కొడితే ఏమవుతుందో చెప్పాను, గట్టిగా కొడితే ఏమవుతుందో కూడా చెప్పాను.

"అంటే తొలిదెబ్బ గట్టిగ పడ్తే, దానికంటె తక్కువయన్ని దానికి దెబ్బలే గావా?"

"గావు. ఊకె మెత్తటి బట్ట లెక్క ఉంటది."

ఆమె తోలు మీద వేలు పెట్టి మెల్లగా నొక్కింది.

"పెండ్లయిన మూడోనాడు నన్ను కట్టెతోని కొట్టిండు తమ్మీ. సచ్చిపోతననుకున్న. ఆ తర్వాత ఎన్ని కొట్టినా, గంత లేదు గదా అనుకున్న." తోలును చూపి, "గిదీ నా లెక్కనే ఉన్నది," అన్నది.

తొలిదెబ్బ వేయాల్సింది ఇంటి మనిషే. మొగిలి ఇంట్లో ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు.

6

మొగిలి తోలుకు ఇవాళ తొలిదెబ్బ. గేటు మనుషులందరూ నా గదిలో నిండారు. ఒకడు సమ్మెట, ఇంకొకడు ఇనప రేకు పట్టుకుని వచ్చారు. అవెందుకు, ఈ తోలుకు మెత్తగా కొట్టాలి అన్నాను.

మొగిలి నా వైపు చూశాడు.

"ఎందుకు మెత్తగ?"

చెప్పాను. ఒక్క ముక్క దాచకుండా, రాజేశం తోలు సంగతితో సహా చెప్పాను. అక్క మీదికి నింద రాకూడదనే అంతా చెప్పాను. ఇంత నిజం నా జన్మలో ఎవరికీ చెప్పలేదు. మొగిలి విన్నాడు. విని, నా గొంతు పట్టుకుని గోడకు కొట్టాడు.

"నీ అక్క చెయ్యి ఇరగ్గొట్టిన. నీకు నేనంటె కడుపుమంట. తోలు బలం లేకుంట కచ్చిగ ఉండాల్నని మెత్తగ కొట్టుమంటున్నవ్. గంతేనా బామ్మర్దీ?"

"కాదు బావా. ఇది పాత జిగురు గాదు..."

"మా నాయిన తోలుకు మా అవ్వ ఎట్ల కొట్టిందో నేను సూసిన. సమ్మెట పిడి ఇరిగింది. పానం పొయ్యేదాక ఆ తోలు ఇంత గూడ పర్రె బడలే, పగులలే. రాజేశంకు ముసల్ది జోకొడ్తెనే గంత బలమొచ్చింది. నాకెంత రావాలె?"

అందరూ నవ్వారు. రాజేశం కూడా నవ్వాడు, కానీ అతని కళ్ళు నా మీదే ఉన్నాయి. అతనికి అనుమానం వచ్చింది. నోరు తెరిచి సర్దార్‌కు అడ్డం చెప్పే అలవాటు గేటు మనుషుల్లో ఎవరికీ లేదు.

మొగిలి ఛాతీకి రేకు పెట్టుకుని, పైన తోలు తొడుక్కుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. అక్క చేతికి సమ్మెట ఇచ్చారు.

"దమ్మున్నంత కొట్టు. ఇయ్యాల ఒక్కనాడు నీకు మాఫీ," అని ఇకిలించాడు.

అక్క నా వైపు చూసింది. "నువ్వు చెప్పింది నిజమేనా తమ్మీ?"

"నిజమే."

ఆమె ఎడమ చేతిని కట్టులోంచి తీసి సమ్మెట పిడికి ఆనించింది. విరిగిన ఎముక కదిలిన చప్పుడు నాకు వినిపించింది. రెండు చేతులా ఎత్తి, వెనక్కి వంగి, కొట్టింది. మొగిలి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి గోడకు తగిలి కూర్చున్నాడు. రేకు మధ్యలో గుంట పడింది. మొగిలి దగ్గి, ఎర్రగా ఉమ్మి, పగలబడి నవ్వాడు.

"సూసిన్రా? నా పెండ్లాం!"

అందరూ కేకలు పెట్టారు. అక్క సమ్మెట కింద పెట్టి చేతిని మళ్ళీ కట్టులో వేసుకుంది.

7

మొగిలి కొత్త తోలును వచ్చినవాడికల్లా పొగుడుతున్నాడు. రాజేశం తోలు కూర్చున్నా లేచినా పట్టేస్తుందట, తనది ఎంతో హాయిగా ఉందట. ఎప్పుడు బిగుసుకోవాలో దానికి తెలియదు కాబట్టి హాయిగా ఉందని నేను అనలేదు. నాకు రెండు బిందెల నీళ్ళు ఎక్కువ ఇమ్మన్నాడు. తీసుకున్నాను, తాగాను కూడా.

భయం పోయాక మొగిలి చెయ్యి మరీ తేలికైంది. గేటు దగ్గర ఒక ముసలాయన మోకాలి చిప్పను బూటుతో పగలగొట్టాడు. మొగిలిని కొట్టే ధైర్యం ఎవరికుంది? ఎల్లయ్య అరచెయ్యి అందరి కళ్ళముందూ ఉంది.

అక్కను అడిగాను, ఇంట్లోనే ఎందుకు పని ముగించలేదని. సిగ్గు లేకుండా అడిగాను.

"ఇంట్ల జేస్తె నన్ను సంపుతరు. అందరు గట్లనే భయపడుకుంట ఉంటరు. అందరు సూడాలె," అన్నది.

8

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు బాగోవు.

సుగుణ నీళ్ళ లైన్లో ఉంది. ఆమె బిందె పెట్టగానే మొగిలి కాలితో తన్ని దొర్లించాడు. గేటు మనిషి మీద చెయ్యెత్తినవాడి ఇంటికి నీళ్ళు లేవన్నాడు. సచ్చినోని నీళ్ళు తాగుతలేను, నా నీళ్ళే అడుగుతున్న అన్నది సుగుణ. మొగిలి ఆమె జుట్టు పట్టి తల కుళాయి కింది తొట్టిలో ముంచాడు. ఆమె కాళ్ళు కొట్టుకుంటున్నాయి. లైన్లో ఉన్నవాళ్ళందరూ నేలను చూస్తున్నారు. నేనూ నేలనే చూశాను.

అక్క లైను వెనక నుంచి నడిచి వచ్చింది. బిందె కింద పెట్టి మొగిలి చెంప మీద కొట్టింది. తరువాత ఛాతీ మీద, తోలు మీద, అందరికీ కనబడేలా పిడికిలితో కొట్టింది.

ఎవరో కెవ్వుమన్నారు. అందరూ మెరుపు కోసం చూశారు. మెరుపు రాలేదు.

మొగిలి సుగుణను వదిలి తన ఛాతీని చూసుకున్నాడు. తడిమాడు. అక్క మళ్ళీ కొట్టింది. అప్పుడతనికి అర్థమైంది. అర్థం కాగానే ఆమె మీద పడ్డాడు. గుద్దులకు అక్క దవడ జారింది, ఒక కన్ను మూసుకుపోయింది. పడిపోయాక తన్నాడు. ఆమె కింద నుంచి కూడా అతని తొడల మీద, కడుపు మీద కొడుతూనే ఉంది. ప్రతి దెబ్బా తోలు మీద తడిబట్ట మీద పడ్డట్టు పడింది. ఇంతమంది చూస్తున్నారు, ఒక్కరూ కదల్లేదు. ఆ తోలులో ఏమీ లేదని నాకు తెలుసు. తెలిసి కూడా నా పాదాలు లేవలేదు. ఇంత పిరికితనం నాలో ఉందని అప్పుడు తెలిసింది.

మొగిలి ఆమె గొంతు మీద మోకాలు పెట్టాడు. అప్పుడు కదిలాను. నాకు కొట్టడం రాదు. కుడిచేతి పిడికిలితో అతని చెవి మీద కొడితే నా వేళ్ళే విరిగాయి. అతను నన్ను పట్టుకోవడానికి లేచాడు. అంతలో సుగుణ తొట్టి మూత ఎత్తి అతని వెన్ను మీద వేసింది. ఆ దెబ్బ చప్పుడు వేరు. ఎముక విరిగిన చప్పుడు.

ఆ చప్పుడు విన్నాక లైను లైనులా లేదు. బిందెలు, బూట్లు, రాళ్ళు. మోకాలు పగిలిన ముసలాయన పాక్కుంటూ వచ్చి కొరికాడు. మిగతా గేటు మనుషులు వెనక్కి తగ్గారు, రాజేశం ఒక్కడే లాఠీ పట్టుకుని అడ్డం వచ్చాడు. కొందరు అతని మీదికి దూకబోయారు.

"ఆగుండ్రి! వాని తోలు మంచిదే, సస్తరు!" అని అరిచాను.

అందరూ ఆగారు. నర్సవ్వ ఒక్కతే ఆగలేదు. మెల్లగా నడిచి కొడుకు దగ్గరికి పోయి, ఛాతీ మీద చెయ్యి పెట్టింది. తోలు ఆమెను ఏమీ అనలేదు. "ఇగ సాలు బిడ్డా," అని మెడ దగ్గర ముడి విప్పింది, ఆ తరువాత నడుము దగ్గరది. రాజేశం చిన్నపిల్లవాడిలా చేతులెత్తి విప్పనిచ్చాడు. తోలు నేల మీద పడ్డాక అతని రెండు కాళ్ళూ విరగ్గొట్టారు. నర్సవ్వ బతిమాలింది. ఎవరూ వినలేదు. నేనూ వాళ్ళను ఆపలేదు.

మొగిలి దగ్గరికి పోయేసరికి అతనికి మొహం లేదు. ఒక కన్నుతో నన్ను గుర్తుపట్టాడు.

"ఎందుకు జెప్పలే బామ్మర్దీ?" అన్నాడు. మాట నెత్తుట్లో మునిగి వచ్చింది.

"చెప్పిన బావా. మెత్తగ కొట్టియ్యిమని చెప్పిన గదా."

అతను ఇంకేదో అనబోయాడు. సుగుణ నన్ను పక్కకు జరగమన్నది. జరిగాను.

9

గేటు తాళాలు నర్సవ్వ దగ్గర పెట్టారు. కొడుకు కాళ్ళు విరగ్గొట్టిన వాళ్ళకే ఆమె నీళ్ళు వదులుతోంది. కమిటీవాళ్ళు వచ్చి, రాజేశం తోలులాంటివి ఇంకెన్ని కుట్టగలరని అడిగారు, ఈసారి మంచివాళ్ళకు ఇస్తారట. సుగుణ ఆ తోలును పొయ్యిలో వేసి వాళ్ళ మొహాల ముందే కాల్చింది. గ్రాఫీన్ కాలడానికి చాలాసేపు పట్టింది. నేను ఊదాను.

అక్క నా గదిలోనే ఉంది. మూడు షిఫ్టులు తెలివి లేకుండా పడి ఉంది. బతుకుతుందో లేదో తెలియక నేనూ సుగుణా తిండి మానేశాం. ఇవాళ కన్ను తెరిచింది. దవడ కట్టి ఉంది కాబట్టి మాట పళ్ళ సందుల్లోంచి వస్తోంది. మొగిలి ఏడని అడిగింది. షాఫ్టులో వేశాం అన్నాను. తలూపింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు.

మెడ మీద మోకాలు పెట్టిన చోట చర్మం లేచిపోయింది. గుడ్డను నూనెలో ముంచి అద్దబోయాను. విరిగిన వేళ్ళ చెయ్యి పనికిరాదు, ఎడమ చేతికి వాటం తెలియదు. అయినా వీలైనంత మెల్లగానే అద్దాను. అక్క ఒళ్ళంతా ఒక్కసారి ఎగిరిపడింది. నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మెల్లగ తమ్మీ," అన్నది. "నొస్తుంది."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె నోట నేను వినలేదు. నా కళ్ళ నీళ్ళు ఆమె మీద పడ్డాయి. సుగుణ నా చేతిలోంచి గుడ్డ తీసుకుంది, నీ చెయ్యి మొరటుదని తిట్టింది, తనే అద్దింది. ఆమె అద్దినప్పుడల్లా అక్క "అబ్బా" అంటూనే ఉంది, మేమిద్దరం పక్కన కూర్చుని వింటూనే ఉన్నాం.